ఎర్రపట్టీ పీట

"ఓడను ముంచేది మీరేనాండీ?" అని అడిగింది మ్యూజియం అమ్మాయి, నిచ్చెన దిగుతూనే.

మేస్త్రి అప్పుడు పాత ప్రయాణికుల ఓడ కడుపులో, ముక్కాలి పీట మీద కూర్చుని, ఇనప రేకుకు పట్టిన జిడ్డు గీకుతున్నాడు. చేతిలో పొడుగు కర్రపిడి గీకుడుకత్తి. మోచేతుల దాకా నలుపు.

"ముంచేది వేరే మనిషి. కడిగేది నేను," అన్నాడు.

"ఓహో," అంది ఆ అమ్మాయి. పాపం, తప్పుగా ఏమీ అనలేదు. కానీ తలుపు తట్టాక ఇది పక్కిల్లని తెలిసినప్పుడు జనం అంటారే, అలాంటి ఓహో అది. మేస్త్రికి అక్కడే కాలింది.

రేవులో ఒక పాత గోదాము ఖాళీ చేయించి, అందులో ఓడలదిబ్బ చరిత్ర పెడుతున్నారు. దిబ్బ అన్నది పేరుకే. రేవు దాటి చాలా దూరం పోయాక నడిసముద్రంలో నాలుగు పీపాలు తేలుతుంటాయి. వాటి మధ్య నీళ్లు తప్ప ఏమీ కనపడవు. వయసు మళ్లిన ఓడల్ని అక్కడికి లాక్కెళ్లి ముంచడం తాతలనాటి నుంచీ ఉన్న పని. ఈ ప్రయాణికుల ఓడే ఆఖరిది. ఇకమీదట ముంచకూడదని, ఒడ్డునే కోసి ఇనుముకు వేసెయ్యాలని పైవాళ్లు అనుకున్నారు. పని పోతుందన్నాక అందరికీ చరిత్ర గుర్తొచ్చింది.

మేస్త్రి కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. మొదలుపెడితే అతన్ని ఆపడం కష్టం. అన్నిటికంటే అడుగున ఉన్నవి తెరచాప ఓడలన్నాడు. రాళ్లు నింపి ముంచేవారట. వాటి మీద బొగ్గు ఓడలు. ఫిరంగులు పీకేసిన యుద్ధనౌకలు రెండు, బతికున్నన్నాళ్లూ ఒకదాన్నొకటి తరుముకుని ఇప్పుడు పక్కపక్కన పడుకున్నాయి. చేపల్ని గడ్డకట్టించే ఓడ ఒకటి, ఎంత కడిగినా కంపు పోలేదు. ఒక ఇసుక తవ్వే ఓడ మాత్రం మునగనని మొండికేసి, గాలి మారగానే అలిగి పుట్టింటికొచ్చిన పిల్లలా మళ్లీ రేవులోకే వచ్చేసింది. ఆ అమ్మాయి నవ్వుతూ అంతా ఫోనులో రికార్డు చేసుకుంది.

"ముంచడంలో ఏముందమ్మా, చిల్లు పెడితే కుండైనా మునుగుతుంది. తేలకుండా చూడటమే అసలు పని," అన్నాడు మేస్త్రి.

అది నిజమే. ఓడ అడుక్కి పోయాక దానిలో మిగిలిన కర్రముక్క, బెండు, పరుపు, ఖాళీ డబ్బా, ఏదైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు విడిపించుకుని పైకి తన్నుకొస్తుంది. వెనకటికి ఒక మూతచెక్క అలాగే లేచి, చేపల పడవ అడుగు బద్దలు కొట్టింది. పడవవాడు దొరకలేదు. అప్పట్నుంచీ రేవులో ఒక కట్టుబాటు. ఎవరు ఒళ్లు దగ్గర పెట్టుకోకపోవడం వల్ల ఆ వస్తువు తేలిందో, వాళ్లు దాన్ని పట్టపగలు, గుడ్డ కప్పకుండా, బజారు మధ్య నుంచి ఇంటిదాకా మోసుకెళ్లాలి. దారిలో ఎవరు "ఏంటది?" అని అడిగినా ఆగి, "నాదే, మర్చిపోయాను" అని చెప్పాలి. ఒక రంగులవాడు తలుపు మోసుకెళ్తుంటే దారిపొడుగునా జనం దాన్ని తట్టి, "ఇంట్లో ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు. ఆ మనిషి పేరు ఇవాళ్టికీ తలుపే.

ఏది ఎవరిదో తేల్చడానికీ ఒక పద్ధతి ఉంది. మేస్త్రి మనుషుల సామానుకంతా, కత్తి పిడి నుంచి పీట కాలి దాకా, ఎర్రరంగు పట్టీ ఉంటుంది. పట్టీ ఉన్నది తేలితే మేస్త్రి మోయాలి. పట్టీ లేనిది తేలితే ఆఖరున ఓడ దిగినవాడు, అంటే ముంచేవాడు, మోయాలి.

"నా ఓడల్లోంచి ఇంతవరకూ అగ్గిపుల్ల పైకి రాలేదు. రేవులో ఎవర్నైనా అడుగు," అన్నాడు మేస్త్రి. ఆ మాట అన్నప్పుడల్లా అతని వెన్ను దానంతటదే నిటారవుతుంది.

అమ్మాయి తల ఊపింది. ఫోను సంచిలో పెట్టుకుని లేచింది. "చాలా మంచి సంగతులు చెప్పారండీ. ఇంతకీ ఆ ముంచే ఆయన ఎక్కడ దొరుకుతారు? ఆయన ఫోటో గుమ్మం ఎదురుగా, గోడంత పెడదామని."

మేస్త్రి మళ్లీ కత్తి అందుకున్నాడు. "మా తోడల్లుడే. టీకొట్టు దగ్గరుంటాడు. ఏడాదికో రెండుసార్లు ఓడలోకి నీళ్లు వదిలే వాల్వు తిప్పే పని కదా, తీరిక ఎక్కువ."

అక్కాచెల్లెళ్లను చేసుకున్న ఇద్దరూ ఒకే రేవులో పనిచేయడం అత్తగారికి గొప్పగా ఉండేది. ఆ గొప్పలో పెద్దల్లుడి వాటా ఎంతో మేస్త్రికి బాగా తెలుసు. మేస్త్రి వెళ్తే "వచ్చావా నాయనా, కూర్చో" అనేది. చిన్నల్లుడు వెళ్తే లేచి నిలబడి మరీ పలకరించేది. అతను ఓడ కడుపులోకి ఒంటరిగా దిగి, సముద్రానికి తలుపు తెరిచి, నీళ్లు తరుముకొస్తుంటే పైకొచ్చే మనిషి. చూడటానికి ఒక కథ ఉంది. గీకడంలో చూడటానికి ఏముంది? జిడ్డు.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంటికొచ్చేసరికి మరదలు వంటింటి గడప మీద కూర్చుని అక్కతో కబుర్లాడుతోంది.

"బావా, విన్నారా? మీ తమ్ముడి ఫోటో గోడంత వేస్తారట. ఇంట్లో ఉన్న మనిషినే చూడలేక చస్తుంటే, ఇంకా అంతలావున ఎవరు చూస్తారండీ?" అంది. మాట వెక్కిరింతదే. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూసేవాళ్లు చూస్తారు," అన్నాడు మేస్త్రి. సబ్బుతో మోచేతులు రుద్దుకుంటూ ఉండిపోయాడు. మరదలు వెళ్లేదాకా రుద్దాడు.

అన్నం పెడుతూ భార్య అంది, "చేతులు అరగ్గొట్టుకున్నారు, జిడ్డు ఎప్పుడో పోయింది."

"వాడు ప్రతిసారీ ఎందుకు ఆలస్యంగా బయటికొస్తాడో తెలుసా నీకు? వాల్వులు తెరవడానికి అంతసేపు పట్టదు. అందరూ గుండెలు చేత్తో పట్టుకుని చూడాలని. షోకు. పైగా భుజాన సంచి. వెళ్లేటప్పుడు ఖాళీగా ఉంటుంది, వచ్చేటప్పుడు ఉబ్బి ఉంటుంది. ఇత్తడి కుళాయిలు ఊడబెరుక్కొస్తున్నాడని నా అనుమానం. వాళ్ల వెనక గదికి తాళం ఎందుకు?"

భార్య పప్పు వడ్డించబోయి ఆగింది. "మీకు కుళ్లు," అంది. కోపంగా కూడా అనలేదు. ఒంట్లో నలతగా ఉందని చెప్పినట్టు చెప్పింది.

మేస్త్రి ముద్ద కలిపాడు. కుళ్లే. కాదని ఎవరన్నారు? గోడంత ఫోటో కింద తన పేరు ఏ మూలనైనా ఉంటుందా అని ఆలోచించాడు. ఉండదని తెలుసు. బోర్లించిన గిన్నెల్ని చూసి ఎవరు తోమారని అడిగేవాళ్లుండరు.

మర్నాడు ఓడ అప్పగింత. మేస్త్రి మనుషులు తలుపులన్నీ ఊడదీసి, కుర్చీల దూది పీకి, చెక్క పలకలు ఒడ్డుకు చేర్చారు. మేస్త్రి తెల్లగుడ్డ పట్టుకుని గదిగదికీ తిరిగి నేల తుడిచి చూశాడు. గుడ్డ నల్లబడితే మళ్లీ గీకించాడు. ఒక గీకుడుకత్తి తక్కువొచ్చిందని ఒకణ్ణి తిట్టాడు. "అమ్ముకుని టీ తాగుంటావు," అన్నాడు. ప్రతి ఓడకీ ఏదో ఒకటి తక్కువ రావడం, అతను ఎవర్నో ఒకర్ని తిట్టడం మామూలే.

మధ్యాహ్నం చిన్నల్లుడు నూనె డబ్బాతో దిగాడు. బక్కమనిషి. నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. తుప్పు పట్టిన పెద్ద వాల్వు మీద నూనె పోసి, దాని పిడికి గొట్టం తగిలించి ఇటూ అటూ కొంచెం కదిలించి చూసుకున్నాడు. తర్వాత నేల మీద అరచెయ్యి రాసి చూసి, "అన్నయ్యా, నువ్వు కడిగిన ఓడలో విస్తరి లేకుండా అన్నం తినొచ్చు," అన్నాడు.

అందులో వెటకారం ఎక్కడుందా అని మేస్త్రి వెతికాడు. దొరకలేదు. దొరక్కపోవడం ఇంకా మంటెక్కించింది.

"ఫోటోకి కొత్తచొక్కా కొనుక్కున్నావా?" అన్నాడు.

"నాకెందుకన్నయ్యా ఆ గోల. ఆ పిల్ల వినట్లేదు. నువ్వు కూడా పక్కన నిలబడు, ఇద్దరం దిగుదాం."

పక్కన నిలబడు. ఆ మాట మేస్త్రికి ముల్లులా దిగింది. పెళ్లి ఫోటోల్లో చివర నిలబడే మేనమామల్లాగా, పక్కన. తల పక్కకు తిప్పుకున్నాడు.

చిన్నల్లుడు పైకెక్కి వెళ్లిపోయాడు. మనుషులంతా ఒడ్డుకు చేరారు. వాల్వు గదిలో మేస్త్రి ఒక్కడే మిగిలాడు, అతని ముక్కాలి పీట మిగిలింది. ఎన్నో ఓడల్లో అతన్ని మోసిన పీట. కూర్చుని కూర్చుని మధ్యలో నునుపు తేలింది. దాన్ని చంకలో పెట్టుకుని నిచ్చెన దాకా నడిచాడు. అక్కడ ఆగాడు.

మళ్లీ వెనక్కొచ్చి నేల మీద కూర్చున్నాడు. పీటను ఒళ్లో తిరగేసి పెట్టుకుని, కత్తితో కాలి మీది ఎర్రపట్టీ గీకడం మొదలుపెట్టాడు. గీకడం అతనికి చేతనైన పని. రంగు పొడిగా రాలింది. కింద లేతచెక్క ఉంగరంలా బయటపడింది. రాలిన పొడిని తెల్లగుడ్డతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. పీటను పెద్ద గొట్టం వెనక, వంగి చూస్తే తప్ప కనపడని చోట నెట్టాడు.

ఓడ మునిగాక అది లేస్తుంది. గోడంత ఫోటోలోని మనిషి, ఆఖరి ఓడ ముంచిన మొనగాడు, పీట మోసుకుంటూ బజారు నడుమ నడుస్తాడు. మ్యూజియం అమ్మాయి అది కూడా ఫోటో తీసుకోవాలి. మేస్త్రి నిచ్చెనెక్కాడు. ఒళ్లు తేలిగ్గా ఉంది.

ఆఖరి ఓడ కాబట్టి ఇంట్లోవాళ్లను కూడా దాన్ని లాక్కెళ్లే టగ్గు ఎక్కనిచ్చారు. మర్నాడు పొద్దున్నే ఓడను తాడుకు కట్టి లాక్కుంటూ బయల్దేరారు. టగ్గు నడిపే సరంగు ఎప్పుడూ లేంది కొత్త టోపీ పెట్టుకున్నాడు. మేస్త్రి భార్య, మరదలు కొంగులు బిగించుకుని కమ్మీ పట్టుకున్నారు. మ్యూజియం అమ్మాయి మెడలో కెమెరా.

నాలుగు పీపాల మధ్యకు రాగానే తాడు విప్పారు. చిన్నల్లుడు ఖాళీ సంచి భుజాన వేసుకుని ఓడెక్కాడు. పక్కన అతన్ని దింపుకోవడానికి చిన్న పడవ ఆగింది. కాసేపటికి ఓడ లోపలినుంచి గుడగుడమని చప్పుడు మొదలైంది. నీళ్లు దిగుతున్నాయి.

"వాల్వులు తెరిచేశాడు," అన్నాడు సరంగు. "ఇక పైకి రావడమే తరువాయి."

ఎదురుచూశారు. ఓడ తోక వైపు కొద్దిగా కుంగింది. చిన్నల్లుడు రాలేదు. సరంగు కూత వేశాడు. రాలేదు.

"బావా, ఈయన ప్రతిసారీ ఇంతేనా?" అంది మరదలు. ఆవిడ ఎప్పుడూ ఇది చూడలేదు.

"ప్రతిసారీ ఇంతే," అన్నాడు మేస్త్రి. షోకు అనబోయి ఆగాడు.

అప్పుడు తట్టింది అతనికి. పీట తేలేది ఓడ మునిగాక కాదు. నీళ్లు రాగానే తేలుతుంది. నీళ్లతోపాటు లేచి, నీళ్లు ఎటు తోస్తే అటు పోతుంది. వాల్వు గదిలోంచి పైకి దారి ఒక్కటే, నిచ్చెన ఉన్న ఆ ఇరుకు బొక్క. చీకట్లో, నడుం లోతు నీళ్లలో, పైకెక్కే మనిషి కాళ్ల మధ్య మూడు కాళ్ల పీట. లేదా మనిషికంటే ముందు పోయి ఆ బొక్కలో అడ్డంగా ఇరుక్కున్న పీట. ఇన్నేళ్లుగా ఓడ కడుపుల్లో బతికినవాడికి ఆ సంగతి నిన్న తట్టలేదు. తట్టనివ్వలేదేమో. వాడు సిగ్గుపడాలన్నదే చూశాడు.

మేస్త్రి సరంగు దగ్గరికి పరుగెత్తాడు. "కూత వెయ్యి," అన్నాడు సరంగుతో.

"వేశా కదా మేస్త్రీ."

"మళ్లీ వెయ్యవయ్యా."

సరంగు ఆ గొంతు విని మళ్లీ వేశాడు. ఓడ ఇంకా కుంగింది. మరదలు కమ్మీ వదిలేసి అక్క చెయ్యి పట్టుకుంది. మ్యూజియం అమ్మాయి కెమెరా దించేసింది. మేస్త్రి చెప్పులు విడిచి, టగ్గు అంచున వేలాడుతున్న తాళ్ల నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఎక్కడికి పోదామని పెట్టాడో అతనికే తెలియదు.

"అదుగో," అంది భార్య.

చిన్నల్లుడు ఓడ పైన కనపడ్డాడు. ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. భుజాన సంచి ఉబ్బి ఉంది. వాలిన నేల మీద అడుగులో అడుగు వేసుకుంటూ అంచుకు వచ్చి, పడవలోకి సంచి వేసి, తనూ దూకాడు. టగ్గు మీద అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. మరదలు ఏడుస్తూ నవ్వుతూ మొగుణ్ణి నానా మాటలూ అంది. అమ్మాయి కెమెరా మళ్లీ లేచి టకటకమంది.

మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు. బతికాడు, అది చాలు అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. అయినా ఆ కెమెరా చప్పుడు ఆగకపోయేసరికి, ఆ చల్లబడిన చోటే మళ్లీ చిన్నగా రాజుకుంది. వాడు బతికినందుకు ఒకపక్క కడుపు నిండింది, వాణ్ణే అందరూ చూస్తున్నందుకు ఇంకోపక్క మండింది. రెండూ ఒకే కడుపులో ఎలా పట్టాయో అతనికి అర్థం కాలేదు.

ఓడ ముక్కు పైకెత్తి, నిలబడి, వెళ్లిపోయింది. టగ్గు బుడగలు ఆగేదాకా చుట్లు తిరిగింది. ఏమీ తేలలేదు. "అగ్గిపుల్ల కూడా లేదు మేస్త్రీ," అని సరంగు టోపీ తీసి వంగాడు. పీట కిందే ఎక్కడో ఇరుక్కుని ఉంటుందనుకున్నాడు మేస్త్రి. ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది.

మర్నాడు మ్యూజియం అమ్మాయి మేస్త్రి ఇంటికొచ్చింది. గోదాములో పెట్టడానికి ఓడల పాత వస్తువులేవైనా ఉన్నాయా అని అడిగింది.

మేస్త్రి నాలుక మీదికి ఆ మాట దానంతటదే వచ్చింది. "నా దగ్గరేం ఉంటాయమ్మా. మా తోడల్లుడు మాత్రం ప్రతి ఓడ నుంచీ సంచి నింపుకొస్తాడు. వాళ్ల వెనక గదిలో ఉంటాయి. పదండి, నేనే చూపిస్తా." గొంతులో తేనె ఒలికింది. మనసులో ఇత్తడి కుళాయిలు మెరుస్తున్నాయి. కొత్త చొక్కా తొడుక్కుని మరీ బయల్దేరాడు.

చిన్నల్లుడు ఆ మాట వినగానే తడబడ్డాడు. "వెనక గదిలో ఏముందన్నయ్యా, చెత్త. అమ్మాయిగారికి అక్కర్లేదు."

"చూస్తే ఏం పోయిందిరా తమ్ముడూ," అన్నాడు మేస్త్రి. ఆ తడబాటు అతనికి పాయసంలా ఉంది.

మరదలు తాళంచెవి తెచ్చింది. "తీసుకుపొండమ్మా, అంతా తీసుకుపొండి. ఆ చెత్త కదిలితే నాకో గది మిగులుతుంది," అని తలుపు తీసింది.

ఇత్తడి లేదు. గీకుడుకత్తులున్నాయి. పిడులు విరిగిన బ్రష్షులు, సగం కోసిన చెక్క పలక, బెండు ముక్కలు, మూత బిగించిన ఖాళీ రంగు డబ్బాలు, చీపురు, కర్ర సుత్తి. గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. కిటికీలోంచి పడ్డ ఎండలో వాటన్నిటి మీదా ఎర్రపట్టీలు కనిపించాయి.

మేస్త్రి గడప దగ్గరే నిలబడిపోయాడు. ఆ కర్ర సుత్తి పోగొట్టాడని ఒకణ్ణి పనిలోంచి తీసేశాడు తను. ఆ పలక ఇసుక ఓడది. ఆ చీపురు చేపల ఓడది, ఇప్పటికీ వాసనుంది. మొన్న తక్కువొచ్చిన కత్తి కూడా అక్కడే ఉంది. అన్నిటికంటే పైన, ఇంకా తడారని ముక్కాలి పీట.

"అబ్బ, ప్రతి ఓడ నుంచీ ఒక గుర్తు తెచ్చుకున్నారా?" అంది అమ్మాయి.

"ఆ, అంతేనండీ. గుర్తుకి," అన్నాడు చిన్నల్లుడు. మేస్త్రి వైపు చూడలేదు.

అమ్మాయి కెమెరా తీసుకుని లోపలికి వెళ్లింది. మేస్త్రి తమ్ముడి వైపు తిరిగాడు. "దీనికా నువ్వు ఆగిపోయేది? ప్రతిసారీ?"

"వాల్వులు తెరిచాక ఒకసారి చుట్టూ తిరిగొస్తా అన్నయ్యా. నీళ్లొస్తే దాక్కున్నవన్నీ అవే బయటపడతాయి. ఏరుకోవడం తేలిక."

"ఒక్కమాట చెప్పొచ్చు కదరా."

"చెబితే నీకు నిద్రపట్టదు. అగ్గిపుల్ల కూడా రాలేదని నువ్వు అంటుంటే వినడానికి బావుంటుంది." చిన్నల్లుడు మెడ గోక్కున్నాడు. "ఈసారి మాత్రం ఆ పీట కాస్త తిప్పలు పెట్టింది. నిచ్చెన దగ్గర అడ్డం పడింది. అదొక్కటే ఎవరిదో తెలియలేదు. పట్టీ లేదు. నాదే అయ్యుంటుంది."

మేస్త్రి పీట వైపు చూశాడు. మధ్యలో తను కూర్చున్న నునుపు. కాలి మీద లేతచెక్క ఉంగరం, నిన్ననే గీకినంత తాజాగా. గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. తమ్ముడు ఇంకా గోడవైపే చూస్తున్నాడు.

మేస్త్రి లోపలికి వెళ్లి పీట తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో, అది నాకు కావాలండీ, అన్నిటికంటే మధ్యలో పెడదామనుకున్నా," అంది అమ్మాయి.

"రేపు తెచ్చిస్తా. ముందు ఇంటికి మోసుకెళ్లాలి."

"అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. "వద్దు. ఎవరికీ తెలియదు."

మేస్త్రి ఆగలేదు. బయట ఎండ నిటారుగా ఉంది. బజారు నిండా జనం. పీట లోంచి ఉప్పునీళ్లు కారి, కొత్త చొక్కా మీద పడుతున్నాయి. టీకొట్టు ముందు ఆ రంగులవాడు, తలుపు, కూర్చుని ఉన్నాడు. అన్నేళ్లుగా ఈ రోజు కోసమే కూర్చున్నట్టు మొహం విప్పార్చుకున్నాడు.

"ఏంటది మేస్త్రీ?"

మేస్త్రి ఆగాడు. కట్టుబాటు ప్రకారం ఆగాలి.

"నాదే," అన్నాడు. "మర్చిపోలేదు."